మంచుసుడి ఎత్తుకుపోయిన గంటలు

అన్యాయం జరిగింది ఎవరికి? గొందిమెట్టలో కొండదేవత గుడికి కాపలా కాసిన వంతాల డుంబుకు. ఎలా జరిగింది? చూసింది చూసినట్టు చెప్పినందుకు.

పుష్యమాసంలో, గడ్డిమీద మంచు ఉప్పులా పేరుకున్న ఒక వేకువన, తెల్లని సుడిగాలి గుడి కప్పును లేపి దేవత కంచుగంటల దండను ఎత్తుకుపోయిందని డుంబు చెప్పాడు. ఊరంతా నవ్వి, దొంగ నువ్వేనన్నది. ఎండలు మండే నెలల్లోనే సుడి లేస్తుందని అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. చలిలో సుడి ఏమిటి? గంటలు దొరికేదాకా డుంబు ఇంటికి కొత్తల పండగలో పిడికిలి లేదని నాటి ఊరిపెద్ద కిల్లో సొన్ను తీర్పు చెప్పాడు. కొత్త సామలు వండుకునే ఆ రోజున ప్రతి ఇంటివారూ తక్కిన ఇళ్లకు పిడికెడు ధాన్యమిచ్చి, ఆయా ఇళ్లలో చనిపోయిన పెద్దలను పేరు పెట్టి పిలుస్తారు. పిడికిలి అందని ఇంట ఎవరినీ పిలవరు. డుంబు దొంగగానే కన్నుమూశాడు. అతని పేరు ఏ పండగనాడూ వినబడలేదు.

ఆ పేరు చెవిన పడకుండా తాను చావకూడదని కూతురు చిలకమ్మ పంతం. ఆమె జుట్టు బూరుగు దూదిలా తెల్లబడింది గాని పంతం నెరవలేదు.

ఒక చలికాలపు ఉదయం ఆమె పుల్లల కోసం ఊరి వెనుక కొండగట్టు ఎక్కింది. కూలిపోయిన ముసలి మద్దిచెట్టు కొస పంగలో దేవత దండలోని కంచుగంట ఒకటి కనిపించింది. చెక్క పెరిగి దాన్ని సగం మింగింది. ఆ చెట్టు నిలిచి ఉన్ననాడు అంత ఎత్తుకు మనిషి ఎక్కలేడు. చిలకమ్మ గొడ్డలితో ఆ గంటను తొలిచి తీసి, తిన్నగా నేటి ఊరిపెద్ద బలరాం గుమ్మంలో పెట్టింది. అతడు సొన్ను కొడుకు.

"సూడరా బలరాం, మీ అయ్య తీర్పు సెట్టు కొసన ఏలాడతంది."

బలరాం గంటను తిప్పి తిప్పి చూశాడు. "మిగతావో అక్కా?"

"గుడికాణ్నుంచి మద్దిసెట్టుకు గీత గియ్యి. గాలి ఆ దారినే ఎల్లింది. మనమూ ఎల్దాం. మోకాళ్లు నొప్పులా?"

"నీకన్నా సిన్నోణ్నే!"

"బుద్ధిలో ఎప్పుడూ సిన్నోడివే."

బలరాం నవ్వాడు. చిన్ననాడు పండగపూట అతడు సామల పిట్టును ఆకులో దాచి తెస్తే, ఈమె దాన్ని అతని నెత్తికే విసిరికొట్టింది. దొంగచాటుగా పెట్టే పిడికిలి తనకు వద్దన్నది. అయినా మరుసటి ఏడాది మళ్లీ తెచ్చాడు.

ఇద్దరూ తేనె తీసేవారు అడ్డతీగతో పేనిన తాడు భుజాన వేసుకొని బయలుదేరారు. మద్దిచెట్టు దాటాక గాలి గీసిన పటం తనంతట తానే విచ్చుకుంది. తలలు విరిగి పక్కకు చిగిర్చిన ముసలి చెట్లు వరుసగా గట్టు మీదుగా సాగి ఒక గుహ ముందు ఆగిపోయాయి. గుహ కప్పు ఒకచోట ఆకాశానికి తెరుచుకొని ఉంది. దాని కిందనే లోతైన గొయ్యి. దివిటీ వెలుగులో, గబ్బిలాల పెంట నడుమ, పచ్చబడిన కంచు తళుక్కుమంది.

"నేను దిగుతాను," అన్నాడు బలరాం. "మీ అయ్య పేరు పోగొట్టినోడి కొడుకే తేవాలి."

చిలకమ్మ తాడును రాతిస్తంభానికి చుట్టి కొస పట్టుకుంది. దిగేవాడు తాడు పట్టినవారిని ఒక మాట అడగాలి. అది తేనె కొండల కట్టుబాటు.

"అక్కా, నీ సేతిలో పగ ఉందా?"

లేదని చెప్పనిదే ఎవరూ దిగరు. చిలకమ్మ జీవితంలో అబద్ధమాడలేదు. తాడు కొసను పిడికిట బిగించింది.

"ఉంది," అన్నది.

బలరాం ఆమె ముఖంలోకి చూశాడు. తాడు నడుముకు బిగించుకున్నాడు. "ఐతే పట్టుకో," అని గోతిలోకి దిగాడు.

అతని పాదాలు అడుగు తాకాయో లేదో, బయట పక్షులు ఒక్కసారిగా మూగబోయాయి. ఆకాశం ఇనుములా నల్లబడింది. వడగళ్లు గుహ కప్పులోంచి దబదబ రాలాయి. ఆ వెనుకే, వేయి తిరగళ్లు ఒక్కపెట్టున తిరిగినట్టు హోరు! గట్టు మీది మంచునూ గడ్డినీ ఎండుటాకులనూ చుట్టుకొని తెల్లని స్తంభం ఒకటి ఊగుతూ వచ్చింది. గుహలోని గాలిని పైకి లాగేసింది. దివిటీ ఆరిపోయింది. గోతిలోంచి బలరాం గొంగడి పక్షిలా లేచి ఆకాశంలోకి ఎగిరిపోయింది.

"అక్కా! ఒదిలీ! లోపలికి పో!"

"నోరు ముయ్యరా! గంటలు పట్టుకో!"

చిలకమ్మ రాతిస్తంభాన్ని కాళ్లతో పెనవేసింది. తాడు అరచేతుల తోలు ఒలిచింది. పైనుంచి బండ ఒకటి ఊడి ఆమె పక్కనే పగిలింది. ఆమె పట్టు సడలలేదు. సుడి దాటిపోయేదాకా ఊపిరి ఉగ్గబట్టి, ఆపైన మూరమూరగా తాడు లాగింది. ముందు గంటల దండ పైకి వచ్చింది. ఆ వెనుక బలరాం నెరిసిన తల.

ఇద్దరూ గుహ వాకిట నిలిచారు. ఎదుటి గట్టుమీద తెల్లసుడి వెదుళ్లను పెకలిస్తూ పోతున్నది. బలరాం కళ్లప్పగించి చూశాడు.

"సలిలో సుడి..." అన్నాడు. "డుంబు బాబు సెప్పింది ఇదే. మా అయ్య కళ్లుండీ సూడలేదు."

ఆమె నెత్తురోడుతున్న అరచేతులకు అతడు తన పంచె చెంగు చించి కట్టాడు. చిలకమ్మ ఆ చేతుల వంక చూసుకున్నది.

"ఇప్పుడడుగు," అన్నది.

"నీ సేతిలో పగ ఉందా అక్కా?"

"నేదురా."

మరుసటి కొత్తల పండగకు గొందిమెట్టంతా చిలకమ్మ వాకిట చేరింది. తప్పిన ప్రతి ఏడాదికీ ఒక పిడికిలి చొప్పున, ఇంటింటివారూ సామలు పోశారు. గాదె నిండింది, చాపలు నిండాయి. అందరికంటే చివర బలరాం వచ్చి తన ఆఖరి పిడికిలి విప్పాడు. చిలకమ్మ దాన్ని కళ్లు చికిలించి చూసింది.

"సగమే ఉందిరా."

బలరాం నవ్వుతూ మళ్లీ గుప్పిలి నింపి గింజ జారకుండా ఆమె దోసిట పోశాడు. తరువాత దేవత గంటల దండ ఎత్తి మోగించి, కొండలు మారుమోగేలా పిలిచాడు:

"ఓ వంతాల డుంబూ! నిజం సెప్పిన పెద్దోడా! కొత్త తినడానికి రా!"

ఎదుటి కొండ ఆ పేరును తిరిగి పలికింది. అది వినిపించేదాకా ఆగి, చిలకమ్మ దోసిలి మూసుకుంది.