పిన్ను సరిపోయింది కదా అని

పొద్దున్నే రాగిజావ కాస్తూ ప్రభ హాలు వైపు ఒక చెవి వేసి ఉంది. వినడానికి అక్కడ ఏమీ లేదు. ఆపరేషనుకు ముందైతే ఈ వేళకు సుందరరామమూర్తి గొంతు సవరించుకునేవాడు. ఆ వెంటనే "ప్రభా, కాఫీ" అనేవాడు. ఇప్పుడు ఆయన మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చిపోయే చప్పుడు ఒక్కటే మిగిలింది. అది వినాలంటే బాగా దగ్గరికి వెళ్లి నిలబడాలి. రోజుకు ఎన్నోసార్లు ఆమె ఏదో పని ఉన్నట్టు అలా వెళ్లి నిలబడి వస్తూ ఉంటుంది.

గ్లాసు తీసుకుని హాల్లోకి వచ్చింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో చెన్నై సాలిగ్రామంలోని ఆ వీధిని చూస్తూ కూర్చున్నాడు. నిన్న రాత్రి పెట్టిన జావ స్టూలు మీద మీగడ కట్టి అలాగే ఉంది.

"ఇదైనా తాగండి. రాత్రిది అట్నే పెట్టేసుండారే."

ఆయన మొహం కిటికీ వైపు నుంచి తిప్పలేదు. ఒళ్లో పిల్లల పలక ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. మొదట్లో నీళ్లు కావాలన్నా, ఫ్యాను ఆపమన్నా దాని మీదే రాసేవాడు. రానురాను రాయడం తగ్గింది. ఈ వారం అసలు బలపమే పట్టుకోలేదు. బాగా తినకపోతే కోలుకోవడం కష్టమని డాక్టరు చెప్పి పంపాడు. ప్రభ ఆ మాటనే మనసులో తిప్పుకుంటూ ఉంటుంది. ఆమె పుట్టిన తొండియార్‌పేట ఇంట్లోంచి వెళ్లొస్తానని చెప్పి వెళ్లి తిరిగి రానివాళ్లు చాలామంది. వాళ్లంతా గడప దాటి వెళ్లారు. ఈయన కుర్చీలో కూర్చునే వెళ్లిపోతున్నాడు.

సుందరరామమూర్తి సినిమాల డబ్బింగ్ థియేటర్లో రికార్డిస్టు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ గాజు పలకకు ఇవతల కూర్చుని, అవతల మైకు ముందు నిలబడ్డవాళ్ల గొంతులు పట్టుకోవడమే పని. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మాట తడబడి కళ్లనీళ్లు పెట్టుకుంటే మైకులోంచి ఏదో చెప్పి నిలబెట్టేవాడని అందరూ అనేవాళ్లు. ఏం చెప్పేవాడో ప్రభకు తెలియదు. ఆమె థియేటరు లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. క్యాన్సర్ పుండు పుట్టిన ఆయన గొంతుపెట్టెను తీసేశాక, మెడకు ఆనించుకుని మాట్లాడే కరెంటు పరికరం ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. ఆయన ఒక్కసారి దానితో "ప్రభా" అన్నాడు. ఆ రేకు చప్పుడు తనే విని, పరికరాన్ని బీరువాలో పెట్టి తలుపు వేసేశాడు.

పాత గొంతు శుభ్రంగా రికార్డయి ఉంటే, ఫోను ఆ గొంతుతోనే మాట్లాడేలా చేయొచ్చని ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి చెప్పింది. ఆ రోజు నుంచి కూతురు లయ అదే పట్టుగా ఉంది. పెళ్లి వీడియోల్లో నాదస్వరం తప్ప తండ్రి మాట వినపడదు. ఫోనులో ఉన్నవన్నీ గొంతు బొంగురుపోయాక పంపినవి. మిగిలింది ఒక్కటే. థియేటరు మూసేసినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్న హార్డ్ డిస్కు, ఇటుకంత అల్యూమినియం పెట్టె. అందులో కోతలు పడని పచ్చి రికార్డింగులు ఉన్నాయి. టేపుల కాలం పోయినా ఆయన ప్రతి టేకుకు ముందు లూప్ నంబరు, అంటే డబ్బింగుకు కోసిన సీను ముక్క నంబరు, తన నోటితో చెప్పి రికార్డు చేసేవాడు. కుర్రకారు నవ్వుకున్నా మానలేదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

చిక్కల్లా ఆ పెట్టెకు ఉన్న సాకెట్ ఇప్పటి ఏ కంప్యూటరుకూ లేకపోవడం. లయ మొదట ఒక చిన్న జాయింటు ముక్క తెచ్చింది. ఒక వైపు పాత వైరు, రెండో వైపు యూఎస్‌బీ. పట్టడానికి పట్టింది కానీ కంప్యూటరుకు ఏమీ కనపడలేదు. పాత వైరుదీ యూఎస్‌బీదీ వేరు వేరు భాషలని, మధ్యలో ఇనప ముక్క పెడితే సరిపోదని ఆఫీసులో ఎవరో చెప్పారు. తర్వాత ఒకదానికి ఒకటి తగిలించే మూడు అడాప్టర్లు తెప్పించింది. ఇవి పనిచేస్తాయని నమ్మకం. తీరా చూస్తే పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

"అదొక్కటి దొరికితే చాలా?" ప్రభ అడిగింది.

"అదొక్కటి దొరికితే చాలమ్మా. సాయంత్రం వెతుకుదాం. ఇప్పుడు మీటింగ్ ఉంది, డిస్టర్బ్ చేయకు, ప్లీజ్మా." లయ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయంత్రం దాకా ఆగడం ప్రభ వల్ల కాలేదు. అటక మీది గోనెసంచి దింపింది. అందులో పాడైన మిక్సీ వైరు దగ్గర నుంచి పాత ఫోను ఛార్జర్ల దాకా అన్నీ ఉన్నాయి. ఆమె ఏదీ పారేయదు. ఒక్కొక్కటి తీసి పెట్టె వెనక ఉన్న గుండ్రటి కన్నంలో పెట్టి చూసింది. కొన్ని లావు, కొన్ని సన్నం. అడుగున లయ పాత ల్యాప్‌టాప్ అడాప్టరు దొరికింది. దాని పిన్ను మెత్తగా లోపలికి వెళ్లి కూర్చుంది. కుక్కరుకు మూత అలా బిగిసిందంటే అది ఆ కుక్కరుదే. ప్రభ మనసు తేలికపడింది. స్విచ్చి వేసింది.

పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. లోపల ఏదో టప్‌మంది. దీపం ఆరిపోయి, జల్లెడ కన్నాల్లోంచి సన్నటి పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చాయి.

లయ హెడ్‌ఫోన్సు మెడలో ఉండగానే పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది. అడాప్టరు తిప్పి దాని మీది అంకెలు చదివింది. తర్వాత పెట్టె మీదివి చదివింది.

"పన్నెండు వోల్టులది పెట్టాల్సిన చోట పంతొమ్మిది పెట్టావమ్మా."

"పిన్ను సరిపోయింది గదే."

"పిన్ను సరిపోతే సరిపోతుందా? రాసుండే అంకెలు చూడవా? పేపరంతా అడ్వర్టైజ్‌మెంట్లతో సహా చదువుతావే."

"అది కరెంటు లెక్కని నాకు యాడ తెలుసు? నాన్నకి మాట వస్తాదని..."

"ఎక్కడొస్తుంది? ఉన్న ఒక్కటీ కాల్చేశావు. అయిపోయింది. ముడించ్చు. ఇంక నాన్న గొంతు ఈ లోకంలోనే లేదు."

ప్రభ కూతురి చేతిలోంచి అడాప్టరు తీసుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది. కిటికీ దగ్గర స్టీలు గ్లాసు స్టూలుకు తగిలి ఠంగుమంది. సుందరరామమూర్తి వీళ్ల వైపు తిరిగి, గ్లాసును మళ్లీ గట్టిగా కొట్టాడు. అమ్మ మీద అరవద్దన్నట్టు కూతురికి వేలు చూపించాడు.

లయ ఆయన వైపు తిరిగింది. "నన్ను అంటావేంటి నాన్నా? ఇందులో ఏది దేనికి పెట్టాలో ఈ ఇంట్లో నీకు తప్ప ఎవరికి తెలుసు? ఆ జాయింటు ముక్క తెచ్చిన రోజు నువ్వు చూస్తూనే ఉన్నావు. అది పనిచేయదని నీకు తెలుసు. ఇందాక అమ్మ ఒక్కో పిన్నూ పెట్టి చూస్తుంటే ఈ కుర్చీలోనే ఉన్నావు. పలక మీద ఒక్క ముక్క రాస్తే పోయేది కాదా?"

ఆయన బలపం తీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత పలక మీద కీచుమన్న ఆ చప్పుడుకు తల్లీకూతుళ్లిద్దరూ కదలకుండా నిలబడ్డారు.

'అవన్నీ లూప్ నంబర్లు. ఎవరికి కావాలి? నేనెప్పుడూ వేరేవాళ్ల గొంతులే పట్టుకున్నా. నాది వెతక్కండి. ఉన్నవాడితో సర్దుకోండి.'

ప్రభ చదివింది. ఒకసారి చదివి, నమ్మలేనట్టు మళ్లీ చదివింది. కొంగు నడుముకు దోపుకుని వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"ఉన్నవాడు యాడుండాడండీ? చూపించండి, సర్దుకుంటా." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మాట పోయిందంటే సరే, పాయె. రాసేదానికి చెయ్యుంది గదా. తినేదానికి నోరుంది గదా. ఉన్నవి కూడా మీరే మూసేసుకుంటుంటే నేను యా గోడతో మాట్లాడేది? పొద్దున లేస్తానే మీకు ఊపిరి ఆడతా ఉండాదా అని చూస్తాను. మీరు దానికి కూడా చికాకు పడరు. ఇయ్యాల నేను ఇంత పని చేసినా కదా. తిట్టండి. బుద్ధుందా అని రాయండి. నాకు అది చాలు."

పలక ఆయన ఒళ్లో పెట్టి బలపం చేతికి అందించింది. ఆయన ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత బలపం పక్కన పెట్టి లేచాడు. లోపలి గదిలో డబ్బాలు తెరిచి మూసిన శబ్దాలు వినపడ్డాయి. స్క్రూడ్రైవరుతో తిరిగి వచ్చాడు.

నేల మీద పాత దుప్పటి పరిచి పెట్టె మరలు విప్పాడు. లోపల చిన్న సర్క్యూట్ పలక, దాని వెనక బరువైన డిస్కు. సర్క్యూట్ పలక మీద కరెంటు వచ్చే చోట నల్లగా మాడింది. ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ముక్కుతో గాలి పీల్చడం పోయిందని అప్పుడే గుర్తొచ్చినట్టు లయకు అందించాడు. లయ వాసన చూసి తల ఊపింది. డిస్కును తిప్పి దానికీ కరెంటు వచ్చే చోట వేలితో తడిమి మళ్లీ కూతురికే ఇచ్చాడు.

"దీనికి వాసన లేదు నాన్నా."

ఆయన రాశాడు. 'పెట్టె పోయింది. డిస్కు ఉండొచ్చు. పోయుండొచ్చు. పెట్టె లేకుండా నేరుగా తగిలించాలి.' తుడిచి ఇంకో మాట రాశాడు. 'రిచీ స్ట్రీట్.'

"నేను వెళ్లి తెస్తాను. ఏం కావాలో రాసివ్వు" అంది లయ.

ఆయన తల అడ్డంగా ఊపి, చొక్కా వేసుకుని, మెడకు కట్టుకునే తెల్ల గుడ్డ ప్రభకు అందించాడు. ఆసుపత్రికి తప్ప ఇంటి గడప దాటడం ఇదే. ప్రభ వేసిన ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్లీ కట్టింది. ఆయన వంగి నిలబడ్డాడు.

ఎలక్ట్రానిక్స్ కొట్లు కిక్కిరిసిన రిచీ స్ట్రీట్లో జనం భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. ఆయన మెడ మీద ఎవరి మోచెయ్యి తగులుతుందోనని ప్రభ చెయ్యి అడ్డం పెట్టి నడిచింది. మణిమారన్ అనే ఆయన కొట్టు ముందు ఆగారు.

"సార్, ఎన్న వేణుం?" ఏం కావాలని మణిమారన్ తమిళంలో అడిగాడు.

సుందరరామమూర్తి నోరు తెరిచి, మూశాడు. ఆ ఒక్క క్షణం ఆయన మొహం చూసి, తిరిగి ఇంటికి వెళ్లిపోతాడేమోనని ప్రభకు భయం వేసింది. ఆయన సంచిలోంచి డిస్కు తీసి గల్లా మీద పెట్టి, దాని వెనక రెండు వరసల సూదుల్లాంటి పిన్నులు చూపించాడు.

మణిమారన్ ఒక సన్నటి అడాప్టరు తీసి ఇచ్చాడు. ఆయన దాని కన్నాలు చూసి వెనక్కి నెట్టి, రెండు వేళ్లు ఎడంగా చాచి చూపించాడు.

"పెద్ద డిస్కుది కావాలంట" అని లయ తమిళంలో చెప్పింది. "ఇది ల్యాప్‌టాప్‌లో ఉండే చిన్నదానికి."

ఇంకోటి వచ్చింది. పిన్నులకు సరిపోయింది కానీ ఆయన దాని వైరు చివర చూసి, గోడకు ప్లగ్గు గుచ్చినట్టు చేత్తో చేసి చూపించాడు.

"కరెంటు వేరేగా వచ్చేది అడగతా ఉండారు" అంది ప్రభ. లయ ఆశ్చర్యంగా చూసింది. "ఏందే అట్టా చూస్తావు? ఇయ్యాల అంత తెలీదా నాకు."

మూడోదానికి విడి కరెంటు అడాప్టరు ఉంది. ఆయన దాన్ని ప్రభ చేతికిచ్చి, దాని మీది అంకెల దగ్గర వేలు పెట్టాడు. ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని చదివింది. "పన్నెండు." డిస్కు మీద చూపించాడు. "ఇదీ పన్నెండే." ఆయన తల ఊపాడు.

ఇంటికి వచ్చాక డిస్కు వెనక ఉన్న చిన్న నల్ల టోపీని గోటితో ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట గుచ్చాడు. డిస్కు ఒంటరిగా పనిచేయాలంటే అది అక్కడ ఉండాలని పలక మీద రాసి చూపించాడు. వైరు తగిలించి స్విచ్చి మీద వేలు పెట్టి ఆగాడు. ప్రభ కళ్లు మూసుకుంది.

టిక్. టిక్. మళ్లీ టిక్. లయ పెదవి కొరుక్కుంది. ఆయన అరచెయ్యి డిస్కు మీద, పసిబిడ్డ వీపు మీద పెట్టినట్టు పెట్టాడు. కాసేపటికి లోపల ఏదో తిరగడం మొదలై, సన్నటి మోత నిలకడగా సాగింది. కంప్యూటరు మీద వరసగా పేర్లు వచ్చాయి. ఎప్పుడో వచ్చిపోయిన సినిమాల పేర్లు.

"ముందు కాపీ చేసేస్తా నాన్నా, మళ్లీ తిరుగుతుందో లేదో" అంటూ లయ కళ్లు తుడుచుకుంది.

కాపీ అయ్యేదాకా ముగ్గురూ అక్కడి నుంచి కదల్లేదు. అయ్యాక ఆయన లయ హెడ్‌ఫోన్సు పెట్టుకుని, ఒక్కో ఫైలూ తెరిచి కొంచెం విని, వదిలి ఇంకోటి తెరిచాడు. ఏదో వెతుకుతున్నాడు. ప్రభ కాలిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. డిస్కు బతికినా ఆమె భయం ఇంకా దిగలేదు. ఆ టప్‌మన్న శబ్దం చెవిలోనే ఉంది.

ఆయన ఒక చోట ఆగాడు. ఒక వేలు పైకెత్తాడు. గాజు ఇవతల నుంచి అందరినీ నిశ్శబ్దంగా ఉండమనే పాత సైగ. హెడ్‌ఫోన్సు వైరు పీకేశాడు.

హాలంతా ఆయన గొంతు నిండింది. నిండుగా, తొందర లేకుండా, పక్కనే కూర్చుని చెప్పినట్టు.

"లూప్ ఏడు, టేక్ నాలుగు... ఆగండాగండి. ఏం పోలేదమ్మా. భయపడకండి. తప్పులు అందరూ చేస్తారు. మంచినీళ్లు తాగండి, ఇంకొక్కసారి చేద్దాం."

ఎవరో అమ్మాయి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడి ఆగిపోయింది. ప్రభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమె ఒళ్లోని కాలిన పెట్టెను చూపించాడు. తర్వాత ఆమెను చూపించాడు. అదే చోటికి వెనక్కి జరిపి మళ్లీ వేశాడు.

"ఏం పోలేదమ్మా. భయపడకండి."

ప్రభ పెట్టెను పక్కన పెట్టి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. లయ వచ్చి పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. "పొద్దున అట్లా అరిచుండకూడదమ్మా."

"నువ్వరవకపోతే ఆయన గ్లాసు కొట్టుండరు" అంది ప్రభ, ముక్కు తుడుచుకుంటూ.

పలక మీద బలపం కీచుమంది. ఇద్దరూ తలెత్తారు. ఆయన పలకను వాళ్ల వైపు తిప్పి పట్టుకున్నాడు.

'ప్రభా, కాఫీ.'

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా హాలు వైపు చెవి వేసింది. అక్కడ, కంప్యూటరులోంచి, ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు.