ఉతికినా తడవని చోటు

కోకంద్ బజారులో నా కళ్లకు గంతలు కట్టి, నా ముందు వంద తివాచీలు పరవండి. చెప్పులు విప్పి మడమ ఆనించి చెబుతాను, ఏది ఏ కొండల ఉన్నో, ఏది ఎన్ని తరాలు తొక్కారో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం లేదో. ఒకసారి అందిజాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు నన్ను పరీక్షిద్దామని తివాచీ కింద పిల్లిని దాచాడు. నేను పిల్లి రంగు కూడా చెప్పాను. నమ్మకపోతే ఆ వ్యాపారిని అడగండి. బతికుంటే చెబుతాడు.

అలాంటి మామరజబ్‌ని నేను. దుప్పటంత మందం కూడా లేని ఒక తివాచీ నన్ను భయపెట్టింది. ఈ జుట్టు చూశారా, ఒక్క సాయంత్రంలో నెరిసింది. సరే, సగం అంతకు ముందే నెరిసి ఉంది. మిగతా సగం మాత్రం ఆ సాయంత్రానిదే.

మా అక్క ఒయ్‌సారా, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. చివరి ఏడాది నాలుగు వేళ్ల కుడిచెయ్యి వణికి టీ ఒలకబోసేది, ఒక్కోసారి లేచి వెళ్లేలోపే పని అయిపోయేది. ఉన్ని తివాచీ తడిస్తే రెండు రోజులు ఆరదు, గొర్రె వాసన ఇల్లంతా పడుతుంది. అప్పుడు మా కోడలు జుల్హుమార్ అంది, "మావయ్యా, మిషన్‌లో వేసి ఉతికేవి వస్తున్నాయి. అదొకటి తెండి."

"అది తివాచీ కాదమ్మా. నేలకు తొడిగే చొక్కా," అన్నాను.

"చొక్కా అయితే ఇంకా మంచిది. ఉతుకుతాం కదా."

మాటకు మాట తడుముకోని పిల్ల. సరే, కొనాల్సి వస్తే మామరజబ్ కొన్నట్టు కొనాలి. మా మిషను డ్రమ్ము నోరు తాడుతో కొలుచుకుని వెళ్లాను. బజారులో అదే కొలతకి సరిపోయే పెద్ద వంటగుండిగ ఒకటి పట్టుకొచ్చి, ఒక్కో తివాచీనీ చుట్టి అందులో కుక్కి చూశాను. చుట్టి పెట్టాక పక్కన చెయ్యి దూరేంత చోటు మిగలాలి. మిగలకపోతే అది తడుస్తుంది గాని ఉతకబడదు. అడుగున రబ్బరు పూత మడిచి చూశాను, చిట్లితే వద్దు. నూగు పొట్టిగా ఉండాలి, రొట్టె పొడి దాక్కోకూడదు. రంగు దానిమ్మ తొక్క రంగు, టీ మరక కనబడదు. బజారంతా నా చుట్టూ చేరి పాఠం విన్నారు. అమ్మేవాడయితే నోట్లో ఈగ దూరినా మూసుకోలేదు.

ఇంటికి తెచ్చి కోడలికి చెప్పాను. చన్నీళ్లు, సబ్బు సగం, మెల్లగా తిప్పాలి. ఎండలో వేలాడదీయకూడదు, నీడలో పరిచి ఆరబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఒంటరిగానే వెయ్యాలి, ఇంకే బట్టా కలపకూడదు.

అక్కకి అది తెగ నచ్చింది. దాని మీదే పక్కకి తిరిగి, ఒక చెయ్యి చాపి పడుకునేది. జుల్హుమార్‌కి అప్పుడు నెలలు నిండుతున్నాయి. "పుట్టబోయేవాణ్ణి ఒక్కసారి ఎత్తుకుని పోతానురా," అనేది అక్క రోజూ. ఎత్తుకోలేదు. ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున, ఆ తివాచీ మీదే, అలా చెయ్యి చాపే ఉండిపోయింది.

మాలో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు, గుడ్డ తడవదు. మూడో రోజు ఆడవాళ్లు చేరి పోయినవాళ్ల బట్టలన్నీ పారే నీళ్లలో ఉతుకుతారు. ఉతికాక అవి శవాన్ని కడిగిన మనిషికి పోతాయి. ఆ ఉతుకుడుతో పోయినవాళ్లకి ఈ ఇంటితో రుణం తీరినట్టు. మా పేటలో కడిగే మనిషి పక్కింటి రోబియా, నన్ను అకా అని, అంటే అన్నా అని పిలుస్తుంది. గొంతు బాకా లాంటిది, నాలుక ఆ గొంతుకి తగినదే.

"అకా, ఆ ఎర్రదీ ఇవ్వు," అంది తివాచీ చూపించి.

"అది తివాచీ. తివాచీలు ఉతకరు, దులుపుతారు. నా తాత దులిపాడు, నా తండ్రి దులిపాడు."

"మీ తాత మిషను చూశాడా? మిషన్‌లో పడేది ఏదైనా గుడ్డే."

"తివాచీల గురించి నాకా చెబుతున్నావు? నువ్వు శవాల సంగతి చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను. నీ వంతూ వస్తుంది," అంది రోబియా. ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను తివాచీని గోడకేసి నాలుగు దెబ్బలు దులిపి, చుట్టి అటక మీద పెట్టించాను.

తర్వాత కొన్నాళ్లకి పిల్లవాడు పుట్టాడు. పేరు దోనియోర్. ఎంత అందగాడంటే మంత్రసాని నన్ను చూసి, మళ్లీ వాణ్ణి చూసి, పోలిక లేదనబోయి మర్యాదకి ఆగింది. వాడికి ఇంకా నలభై రోజులు నిండలేదు. ఆ నలభై రోజులూ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలరు. దిండు కింద రొట్టె ముక్కా చాకూ ఉంటాయి. పొద్దు గుంకాక బయటివాళ్లు గడప తొక్కరు, పిల్లవాడు గడప దాటడు. వాడి గుడ్డలు చీకటి పడేలోపు తీగ మీంచి తీసెయ్యాలి. నేల చల్లగా ఉందని జుల్హుమార్ అటక మీది తివాచీ దింపించి ఊయల పక్కన పరిచింది.

ఆ రోజు మంచు పట్టింది. మా వైపు చలికాలం మంచంటే ఎలాంటిదో చెప్పనా? నేను చెయ్యి చాపితే వేళ్లు పక్కింట్లో ఉన్నట్టుండేవి. కొడుకు షోనజర్ రైలు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నేను, కోడలు, పసివాడు. మధ్యాహ్నం వాడు తాగిన పాలన్నీ కక్కాడు, ఒంటి మీద, గుడ్డల మీద, తివాచీ మీద. పొద్దు గుంకేలోపు అన్నీ ఉతికి లోపలికి తెచ్చెయ్యాలని ఆ పిల్ల తొందరపడింది. విడివిడిగా వేస్తే రెండోది అయ్యేసరికి చీకటి పడుతుంది.

తివాచీని, పసివాడి చొక్కాలని, అన్నీ ఒకే డ్రమ్ములో వేసేసింది.

అయిపోయాక చొక్కాలు తను ముందే తీసుకెళ్లింది, తివాచీ తర్వాత నేనే బయటికి లాగాను. వసారాలో బల్ల మీద పరిచాను. చన్నీళ్ల వాసన, సబ్బు వాసన. వాటి కింద ఇంకేదో పల్చగా... తెలిసిన వాసనే, అప్పటికి గుర్తు రాలేదు. అరచేత్తో సర్దుతూ వచ్చాను. తడి, తడి, తడి. మధ్యలో చెయ్యి ఆగిపోయింది.

అక్కడ పొడిగా ఉంది.

కరెంటు దీపం దగ్గరకి లాగాను. తివాచీ అంతా నీళ్లు కారుతోంది. నడుమ మాత్రం ఎండలో ఆరేసినంత పొడి. తల. భుజం. ముడిచిన మోకాళ్లు. పక్కకి తిరిగి పడుకున్న మనిషంత పొడి.

నేను గుర్రపు పందేల్లో గుర్రం కింద పడి లేచినవాణ్ణి. తోడేలుతో ముఖాముఖి కూర్చుని టీ తాగినవాణ్ణి. అయినా రెండడుగులు వెనక్కి వేశాను. బకెట్ నీళ్లు తెచ్చి దాని మీద గుమ్మరించాను. నీళ్లు అంచు దాకా వెళ్లి... చుట్టూ తిరిగి... పక్కనుంచి జారిపోయాయి. తామరాకు మీద నీళ్లు చూశారా, అలా.

అప్పుడే కరెంటు పోయింది.

మా వైపు చలికాలం కరెంటు పోవడం వింత కాదు. దీపం ఆరింది. వీధిలో మోటారు చప్పుడు ఆగింది. ఊరంతా ఒక్కసారి నోరు మూసుకున్నట్టయింది. ఆ నిశ్శబ్దంలో నడవలోంచి చప్పుడు వచ్చింది.

ధబ్... ధబ్... ధబ్.

మిషను తిరుగుతోంది. దాంట్లో ఏమీ లేదు. నా చేతులతో నేనే ఖాళీ చేశాను. దానికి కరెంటు లేదు. అయినా తడిబట్టల బరువుతో ఏదో పైకి లేచి పడుతోంది. మెల్లగా. తీరిగ్గా. కాలవ ఒడ్డున ముసలావిడ బట్ట బాదుతున్నట్టు.

"మావయ్యా." లోపలి నుంచి గుసగుసగా జుల్హుమార్. "మావయ్యా, ఇలా రండి."

వెళ్లాను. కొవ్వొత్తి వెలుగులో ఒళ్లో పిల్లవాణ్ణి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏడవడం లేదు," అంది.

"నిద్రపోయాడేమో."

"కళ్లు తెరిచే ఉన్నాయి. ముట్టుకోండి."

ముట్టుకున్నాను. బావి గట్టు రాయిలా ఉన్నాడు. కళ్లు నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నాయి. ఒకసారి నవ్వాడు కూడా. వాడికింకా నవ్వే వయసు రాలేదు.

"ఈ చొక్కా?"

"ఇందాక ఉతికిందే. ఇస్త్రీతో ఆరబెట్టి తొడిగాను."

వంగి వాసన చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. కర్పూరం. శవాన్ని కడిగేటప్పుడు చివరి నీళ్లలో కలిపే కర్పూరం.

"దేంతో కలిపి ఉతికావు?"

ఆ పిల్ల ముఖం చూస్తే అర్థమైంది. అడిగాక ఆ పిల్లకీ అర్థమైంది. పోయినవాళ్ల గుడ్డ, తీరని ఉతుకుడు, అదే నీళ్లలో పసివాడి గుడ్డలు. ఆ నీళ్లలో పడ్డవన్నీ ఇప్పుడు ఎవరి లెక్కలోకి వస్తాయి...

వసారాలోకి పరిగెత్తాను. దూరమేం లేదు గాని, ఫెర్గానా పట్నం దాకా పరిగెత్తినట్టుంది. తివాచీ మీద ఆ ఆకారం మారింది. ఇందాక చెయ్యి ఒంటికి ఆనుకుని ఉంది. ఇప్పుడు వంగి ఉంది. ఆ వంపులో, రొమ్ము దగ్గర, ఇంకో చిన్న పొడి మచ్చ. గుండ్రటి తల. రొట్టె అంత ఒళ్లు.

గోడ మీంచి అరిచాను. "రోబియా. ఒసే రోబియా."

ఆమె వచ్చింది, కానీ గడప బయటే ఆగిపోయింది. మంచులో తల మాత్రమే కనబడుతోంది.

"లోపలికి రా," అన్నాను.

"పొద్దు గుంకింది. నలభై నిండని పిల్లాడున్న ఇంట్లోకి నేను రానా? పొద్దున్నే ఒకరిని కడిగొచ్చిన చేతులివి. మతి పోయిందా అకా?"

జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. రోబియా తిట్టలేదంటే అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది.

"ఆ నీళ్లలో పడ్డ ప్రతి గుడ్డా తీసుకురా. వాడి ఒంటి మీదిది కూడా విప్పు. తివాచీ నువ్వే మొయ్యి. మీ అక్క నీ రక్తం కాబట్టి నీతో వస్తుంది. వెనక్కి చూడకు."

చొక్కాలు మూట కట్టాను. తివాచీ చుట్టి భుజాన వేసుకున్నాను. గొప్పలు చెప్పుకోవడం లేదు, ఒంటె మొయ్యాల్సిన బరువులు ఎత్తినవాణ్ణి. ఆ పల్చటి గుడ్డ నన్ను వంచేసింది. మనిషి బరువు. నిద్రపోయిన మనిషి బరువు. సగం వాకిట్లో అది నా మెడ మీద కొంచెం సర్దుకుంది. వీపున ఎక్కించుకున్న పిల్లలు సర్దుకుంటారే, అలా. చెవి దగ్గర చల్లగా ఊపిరి...

"అక్కా," అన్నాను మెల్లగా. "వాణ్ణి వదిలెయ్యి. వాడు ఇంకా ఏమీ తినలేదు. ఏమీ చూడలేదు. నన్ను కావాలంటే తీసుకో."

ఊపిరి ఆగింది. ఆలోచిస్తున్నట్టు.

గడప దాటాను. వీధి కాలవలో రోబియా తివాచీ పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ప్రార్థన గొణుగుతూ చేత్తో ఉతికింది. సబ్బు లేదు, బ్రష్షు లేదు. వేళ్లతో, తల దగ్గరనుంచి పాదాల దాకా, మనిషిని కడిగినట్టు. పొడి మచ్చ మొదట అంచుల్లో కరిగింది. తర్వాత మోకాళ్లు. తర్వాత చెయ్యి. చిన్న మచ్చ దగ్గర చాలాసేపు పట్టింది. అది తడిసిన క్షణాన ఇంట్లోంచి పసివాడి ఏడుపు వినబడింది. ఆ ఏడుపంత మంచి పాట ఈ లోయలో ఎవరూ పాడలేదు. నడవలో మిషను కూడా ఆగిపోయింది.

"అన్నీ నాతో తీసుకెళ్తున్నాను," అంది రోబియా, తడి మూట చంకన పెట్టుకుంటూ. "రుణం తీరింది. ఇంక నువ్వు తివాచీల గురించి నాకు పాఠాలు చెప్పకు." మంచు ఆమెని మింగేసింది.

పొద్దున ఎండ వచ్చింది. పిల్లవాడు వెచ్చగా ఉన్నాడు, పాలు తాగాడు, నా గడ్డం పీకాడు. జుల్హుమార్ తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి స్నానం చేయిస్తోంది. నేను పక్కనే పీట వేసుకుని, తోడేలు కథ వాడికి చెప్పడం మొదలుపెట్టాను.

ఆమె వాణ్ణి బోర్లా తిప్పి, దోసిలితో వీపు మీద నీళ్లు పోసింది. మళ్లీ పోసింది. తర్వాత చెయ్యి ఆపేసింది.

వాడి వీపు నడుమ నీళ్లు నిలవడం లేదు. చుట్టూ తిరిగి జారిపోతున్నాయి. అక్కడ చాచిన అరచెయ్యి ఆకారంలో ఒక చోటు పొడిగా ఉంది. ఎవరో ఎత్తుకుని వీపు నిమిరిన చోటు.

నాకు ఏడుపొచ్చింది, భయంతో కాదు. "మీ పెద్దత్తేనమ్మా," అన్నాను. "ఒక్కసారి ఎత్తుకుంటానంది. ఎత్తుకుంది, వెళ్లిపోయింది. అంతే."

జుల్హుమార్ ఇంకో దోసెడు పోసి, వంగి దగ్గరగా చూసింది.

"మావయ్యా," అంది గుసగుసగా. "పెద్దత్తకి చిన్నప్పుడు పత్తి మిల్లులో కుడిచెయ్యి చూపుడు వేలు పోయింది కదా."

"పోయింది."

"ఇది కుడి చెయ్యే."

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను.

వేళ్లన్నీ ఉన్నాయి.