ఆపరేషన్ పచ్చిమేత

"ఈ గడ్డి గింజ గుప్పెడు కేసీ కాలువ కింద మొలిచిందంటే చాలు. మూడేళ్లలో నంద్యాల వరిని మరిచిపోవచ్చు," అన్నాడు చీఫ్.

నంద్యాల స్టేషన్ రోడ్డులో, పైకి జిరాక్స్ షాపులా కనబడే ఆఫీసు అది. ఏజెంట్ ఎడ్విన్ ఫొటో చూశాడు. ఏపుగా, చూడముచ్చటగా ఉన్న గడ్డి. ఆఫ్రికా డ్యూటీలో దాని నిర్వాకం కళ్లారా చూసినవాడే. అక్కడ ఊళ్లకు ఊళ్లు పొలాలు వదిలేసి పోయాయి.

"తెచ్చింది విదేశీ ముఠా. పేరుకు పశుగ్రాసం కంపెనీ. ముందు గడ్డి పంచుతారు, తర్వాత దాన్ని చంపే మందు వాళ్లే అమ్ముతారు. సరిగ్గా నెల తర్వాత, సోమవారం పదకొండింటికి ఆళ్లగడ్డలో రైతు మేళా. బాస్ స్వయంగా వస్తాడు. అక్కడ పట్టుకో. ఈలోగా గోడౌన్‌లో గింజల్ని చంపెయ్."

చీఫ్ బల్ల మీద స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టాడు. లోపల అన్నం లేదు. బటన్ నొక్కితే పది అడుగుల లోపు ఉన్న ప్రతి గింజా, రంగు మారకుండా, పొట్టు చిట్లకుండా ప్రాణం వదులుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎడ్విన్ తలకు టవల్ చుట్టి, హమాలీ వేషంలో ఆళ్లగడ్డ గోడౌన్‌ చేరాడు. గేటు దగ్గర కూలింగ్ గ్లాసులతో ఒక అందగత్తె. కంపెనీ ప్రచారమంతా ఆమెదే. పేరు పూర్ణిమ. జీతం ముఠా ఇస్తుంది, సమాచారం మనకిస్తుంది.

"యాగంటి బస్సు ఎప్పుడు?"

"బసవన్న లేచి రంకేసినప్పుడు."

కోడ్ కలిసింది. "మూడో వరస. పది నిమిషాలే టైం," అంది పూర్ణిమ.

ఆరు నిమిషాలు పట్టింది. నలభై బస్తాలూ బయటికి నిగనిగలాడుతూనే లోపల చచ్చిపోయాయి. ఎడ్విన్ నంద్యాలకొచ్చి కడుపునిండా బిర్యానీ తిన్నాడు. సేద్యగాడి కడుపున పుట్టి కూడా ఒక్క సంగతి మరిచిపోయాడు మహానుభావుడు.

మేళా రోజు పొద్దున పదింటికి ఫోన్ మోగింది.

"ఫోన్ లాక్కుని నన్ను మూడు వారాలు హైదరాబాద్‌లో పెట్టారు. ఇప్పుడే వచ్చాను," అంది పూర్ణిమ. "గింజలు మొలవడం లేదని ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. బాస్ కొత్త లారీ దించాడు."

"ఇంకా పంచనేలేదు కదా! ఎవరు విత్తారు?"

"విత్తలేదు. పుల్లయ్య అని ఒక రైతు ముందే పిడికెడు తీసుకెళ్లి, తడి గోనెపట్టాలో చుట్టి చూశాడట."

ఎడ్విన్ నెత్తి కొట్టుకున్నాడు. మొలక చూడకుండా ఈ నేల మీద ఎవరు విత్తారు గనక? వాళ్ల నాయన గాదె పక్కన ఏటేటా తడిపట్టా ఉండేది. ఇంత చదువూ ట్రైనింగూ ఏ గంగలో కలిసినట్టు?

జీపు ఆళ్లగడ్డ దారి పట్టింది. షామియానా ముందు ఆగేసరికి పది యాభై తొమ్మిది. ముఠా బాస్, పంచె కట్టిన విదేశీ దొర, మొదటి బస్తా కుట్టు మీద కత్తెర పెట్టాడు. ఎడ్విన్ ఒక్క దూకులో స్టేజీ ఎక్కి కత్తెర తన్నేశాడు. పూర్ణిమ పిస్టల్ దొర మెడకు ఆనింది. మఫ్టీ పోలీసులు చుట్టుముట్టారు. కొత్త లారీలోంచి ఒక్క గింజ కూడా నేల రాలలేదు.

"శభాష్!" అన్నాడు ఫోన్లో చీఫ్.

జనంలోంచి ఒక ముసలి రైతు ముందుకొచ్చాడు. పుల్లయ్య. "ఏందప్పా ఇది? పంచేటియ్యి పంచనీకుండా చేస్తాండావ్?"

"అవి మంచి విత్తనాలు కావు, పెద్దాయనా."

"ఎట్ల కావు? మొదటియ్యి చచ్చినియ్యి. పోట్లాడితే ఆ దొర కారులోంచి వేరే సంచి తీసిచ్చె. మళ్లా పట్టాలో కట్టి చూసినా. నూటికి నూరు మొలిచినాయి!"

ఎడ్విన్ స్టేజీ దిగి ముసలాయన భుజాలు పట్టుకున్నాడు. "ఆ మొలకలేం చేసినారు?"

"మొలిచిందాన్ని ఎవరన్నా పారేస్తారా? పాపం గాదూ! మా ఇంటిది వెంకటమ్మ కాలవ గట్టున నాటింది. మిగిలిన ఇత్తనాలు అడిగినోళ్లకల్లా తలా పిడికెడు ఇస్తిమి. గోస్పాడోళ్లు కొండబోయిరి, నందికొట్కూరోళ్లు కొండబోయిరి. ఇంగా ఎవరెవరో. పేర్లు యాడ గుర్తుంటాయప్పా?"

పుల్లయ్య వెంట పోయి చూస్తే, కాలువ గట్టు పొడవునా పచ్చగా, జానెడు ఎత్తున లేచింది గడ్డి. ఎడ్విన్ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా పీకడం మొదలుపెట్టాడు. పూర్ణిమ కూలింగ్ గ్లాసులు తీసేసి పక్కన కూర్చుంది. ఎండ నడినెత్తికొచ్చింది. పీకింది నాలుగు బారలు, మిగిలింది కనుచూపు మేర. గోస్పాడులో ఎవరింటికని పోవాలి? నందికొట్కూరులో ఎవరిని అడగాలి? ఎడ్విన్‌కు ఏడుపొచ్చింది. జేబులో చీఫ్ ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తబుద్ధి కాలేదు.

"పచ్చని గడ్డి పీకుతాండాడు సూడు, చేతులెట్లొచ్చెనో!" వెంకటమ్మ శోకాలు పెట్టింది.

పుల్లయ్య భార్య భుజం తట్టాడు. "పీకనీలేమే, ఆయప్ప డ్యూటీ ఆయప్పది. ఎంత పీకినా మళ్లా వస్తాదని పోయిన నెల మీటింగులో ఈ కంపెనీ పాపనే చెప్పె గదా!"