దుంకిన రాజు

“రాజు గట్ల దుంకడు, ధర్మేందర్.”

“మా దగ్గర దుంకుతడు మేడం. చెక్ పడకముందు ఒక్కసారి, గుర్రం లెక్క.”

వినోద నుదురు పట్టుకుంది. నారాయణఖేడ్ ఫంక్షన్ హాలు రేకుల మీద వాన దంచుతోంది. ఆమె చెస్‌లో పద్దెనిమిది వందల రేటింగున్న బడి టీచరు. ఇతడు ఏ రేటింగూ లేని బండ్ల మెకానిక్కు. తన స్కూటీ బాగుచేసే మనిషి పోటీకి పేరెందుకు ఇచ్చాడో ఆమెకు అర్థం కాలేదు.

ధర్మేందర్‌కు తెలుసు. పెళ్ళిచూపుల చాయ్ తాగీ తాగీ మొహం మొత్తింది. గెలిస్తే వినోదను అడగాలి. ఓడితే సాయంత్రం కల్హేర్ సంబంధానికి ఊ కొట్టి ఊరుకోవాలి. అందుకే కింగ్స్ గాంబిట్ ఎత్తుకున్నాడు. రెండో ఎత్తుకే బంటును బలిచ్చి, సొంత రాజు ముందరి తలుపు తెరిచిపెట్టే ఆట అది. గండం ముంచుకొస్తే రాజును దుంకించవచ్చులే అనుకున్నాడు. తండ్రి అరుగు మీద నేర్పిన పద్ధతి అదే మరి.

రెఫరీ తిమోతి వచ్చాడు.

“గా రూలు ఈడ నడవది. ముట్టినవు కదా, రాజునే జరుపు. ఒక్క గడి.”

ఒక్క గడి జరిగిన రాజు నడిబజారులో నిలబడ్డాడు. వినోద జాలి చూపలేదు. మంత్రి వచ్చింది, వెనకే గుర్రం వచ్చింది. కాసేపటికే ధర్మేందర్ ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఇంతేలే అనుకున్నాడు.

వాన తగ్గలేదు. ఇద్దరూ వరండాలో చిక్కుకుపోయారు.

“నెమ్మదిగ ఆడితే ఇంకో గంట నిలిచేటోనివి. గంత ఆగమాగం ఎందుకు?”

“అలసిపోయిన మేడం. అటో ఇటో తేలిపోవాలనుకున్న.”

“ఏం తేలాలె?”

చెప్పేశాడు, కల్హేర్ సంగతితో సహా.

ఏళ్ళ తరబడి వచ్చిన ప్రతివాడికీ ఆ పెళ్ళిచూపుల చాయ్ కప్పులు అందించి విసిగిన మనిషే వినోద కూడా.

“నన్ను గెలిచినంకనే అడుగుతవా? గా లెక్కన ఇద్దరి పండ్లూ ఊడిపోతయి.”

“ఓడినోడు ఏం మొహంతోని అడుగుతడు?”

“ఓడినోడు నాకు నచ్చిండో లేదో నన్నడిగినవా?”

అడిగాడు. ఆమె నవ్వాపుకుంది.

“ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్. కల్హేరోళ్ళు పాపం ఎదురుచూస్తుంటరు.”

తల్లి రుక్కమ్మ ఫోన్ ఎత్తింది.

“అమ్మా, కల్హేరోళ్ళకు వద్దని చెప్పు. ఈడ వినోద టీచరు... ఒప్పుకుంది.”

“ఆటల గెలిచినవా?”

“ఓడిపోయిన.”

“మంచిగైంది. మీ నాయిన నాతోని ఒక్కనాడన్న ఓడలే. గందుకే మా కాపురం గట్ల ఏడ్సింది. పిల్లను అన్నానికి తీస్కరా.”