కునుకు తీసిన ఉక్కు

"మీసం ఉంచమంటారా?" అడిగాడు సెలూన్ ఓనరు.

"ఒకవైపే ఉంచు," అన్నాడు కుర్చీలో ఉన్నవాడు.

అది కోడ్ వర్డు. కుర్చీలో ఉన్నది ఏజెంట్ బొంగరం. కత్తి పట్టుకున్నది సీక్రెట్ సర్వీస్ చీఫ్. డిపార్ట్‌మెంట్ అంతా ఆయన్ని బాబాయ్ అంటారు. కోడ్ అయినా సరే మాట మాటే అనే మనిషి కాబట్టి, బాబాయ్ నిజంగానే కుడివైపు మీసం గీకి పారేశాడు.

బొంగరం అన్న పేరు ఊరికే రాలేదు. ఆ మనిషికి కుదురుగా ఉండటం తెలీదు. ఒకసారి శత్రువుల షార్ప్‌షూటర్ ఒకడు మేడెక్కి అతనికి గురిపెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గురి కుదర్లేదు. చివరికి వాడికే కళ్ళు తిరిగి మేడ మీంచి పడ్డాడు. బొంగరం పడుకుంటే మంచం కూడా ఊరుకునేది కాదు, తెల్లారేసరికి పక్కగదిలో ఉండేది. "కాలు ఊపకురా" అని వాళ్ళమ్మ మొదటిసారి అరిచినప్పుడు అతనింకా ఉయ్యాల్లోనే ఉన్నాడట.

"అసైన్‌మెంట్ ఏంటి బాబాయ్? ఎవర్ని వెంటాడాలి? ఏ గోడ దూకాలి?"

"కూర్చోవాలి."

"కూర్చుని?"

"చూడాలి."

"ఎవర్ని?"

"ఒక ఇనుప ముక్కని."

బొంగరం కుడికాలు గిలగిలా ఊగింది. బాబాయ్ మోకాలు పట్టి అదిమాడు. ఎడంకాలు మొదలెట్టింది.

"విను. నది మీద కొత్త రైలు బ్రిడ్జి రెడీగా ఉంది. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒకమ్మాయి, పీహెచ్‌డీ చేస్తోంది, ఆ బ్రిడ్జి జాయింట్ లాంటిదే ఒకటి మెషిన్‌కి బిగించి లాగి వదిలి, లాగి వదిలి టెస్ట్ చేస్తోంది. టార్గెట్ దాకా తట్టుకుంటే రైళ్ళు తిరుగుతాయి. పగిలితే బ్రిడ్జి బంద్. ఆ టెస్ట్ మీద నీలిగొడుగు ముఠా కన్నేసింది. పరాయివాళ్ళు. వాళ్ళ ప్లాన్ ఏంటో ఇంకా తెలీదు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది, కోడ్ నేమ్ నెమలి. ఆవిణ్ణి కళ్ళు మూసుకుని నమ్మొచ్చు."

బాబాయ్ డ్రాయర్ లోంచి పెట్టుడు మీసం ముక్క తీసి ఖాళీగా ఉన్న కుడివైపు అంటించాడు. "వైర్‌లెస్. తుమ్మకు, స్టేషన్ మారిపోతుంది."

* * *

ల్యాబ్‌లో అడుగుపెట్టగానే అటెండర్ వేషంలో ఉన్న బొంగరానికి అరికాళ్ళలో చక్కిలిగింతలు పుట్టాయి. మెషిన్ ధుగ్ ధుగ్ ధుగ్ అంటుంటే నేలంతా వణుకుతోంది. దాని దవడల మధ్య బిగించిన జాయింట్ మాత్రం ఏమీ పట్టనట్టు ఉంది.

"డాక్టరమ్మగారూ, కొత్త అటెండర్నండి."

"ఇంకా డాక్టర్ని కాలేదు. అలా పిలిచి దిష్టి పెట్టకండి," అందా పరిశోధకురాలు. జడలో పెన్సిలు, చేతిలో చల్లారిన టీ. "ఇది లో కార్బన్ స్టీలు. మెత్తటి రకం. ఒక్కసారి బరువేస్తే విరగదు. వేస్తూ తీస్తూ ఉంటే ఏదో ఒక రోజు అలిసిపోయి పగులుతుంది. ఆ రోజు ఎప్పుడో కనిపెట్టడమే నా పని. ఒక్కటే రూలు. దీనికి రెస్ట్ ఇవ్వకూడదు. మధ్యలో ఆపి వెచ్చగా కాపడం పెట్టామనుకోండి, దొంగబలం తెచ్చుకుంటుంది. పగలాల్సింది పగలదు. బ్రిడ్జికి ఎవరు కాపడం పెడతారు చెప్పండి?"

"మా అమ్మ పెడుతుందేమోనండి, చెప్తే."

ఆమె నవ్వి ఒక స్టూలు తోసింది. "కూర్చోండి. జాయింట్ చేయగా మిగిలిన స్టీలుతో, దాన్ని చేసిన వెల్డరే ఈ స్టూలూ అతికిచ్చాడు. జాయింట్‌కి ఇది చెల్లెలనుకోండి. అయ్యో, ఆ కాలు ఊపకండి!"

అప్పుడే ఆమె నాన్న వచ్చాడు. రైలింజన్ డ్రైవరు. ఇస్త్రీ టోపీ చంకలో పెట్టుకుని జాయింట్‌ని పెళ్ళికొడుకుని చూసినట్టు చూశాడు.

"ఓపెనింగ్ రోజు మొదటి బండి నాదేనట బంగారం! తర్వాత రిటైరయ్యేదాకా రోజూ ఆ లైనే."

"టెస్ట్ అవ్వనీ నాన్నా. ఇది తప్పుగా పాసైతే బ్రిడ్జి మొదటి రోజు కూలదు. అదే దాని చెడ్డతనం. నువ్వు ధీమాగా ఈల కొట్టుకుంటూ వెళ్ళే ఏదో ఒక రోజు కూలుతుంది."

ఆ మాటన్నాక ఆమె ఎవరి వైపూ చూడకుండా టీ తాగేసింది.

* * *

ఆ తర్వాత బొంగరం పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. తుపాకులు లేవు, ఛేజింగుల్లేవు. ధుగ్ ధుగ్ ధుగ్. వారాల తరబడి అదే. అతని కాలు మెషిన్‌తో పోటీపడి ఊగేది. స్టూలు కిర్రుకిర్రుమనేది. డాక్టరమ్మ అరిచేది. కాలు ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ ఊగేది.

ఇక రోజూ మధ్యాహ్నం నెమలి వచ్చేది. పైకి మెషిన్ కంపెనీ ఇంజనీరు. ఆవిడ నడిచొస్తుంటే ల్యాబ్‌లో మీటర్ల ముళ్ళన్నీ వాటంతటవే ఆవిడ వైపు తిరిగేవి. చేతిలో ఎప్పుడూ హెయిర్ డ్రయ్యర్.

"భోంచేసి రావయ్యా. డాక్టరమ్మని కూడా తీసుకెళ్ళు. నేను చూస్తాలే," అనేది తియ్యగా.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్న బొంగరం మాట పూర్తయ్యేలోగా కాంటీన్‌లో ఉండేవాడు.

ఓపెనింగ్ రోజు రానే వచ్చింది. ఇంకాసేపట్లో, ఎన్నిసార్లు లాగిందో లెక్కపెట్టే కౌంటర్ టార్గెట్ దాటుతుంది. జాయింట్ మీద గీతైనా లేదు. పక్క హాల్లో స్టేజీ, మైకు, సంతకం పెట్టడానికి రైల్వే పెద్దాయన, టోపీతో నాన్న. బయట జోరువాన. నెమలి తడిసి ముద్దై వచ్చి, "వెళ్ళండి, తినేసి రండి," అంది. డాక్టరమ్మ రెండు ముద్దలు కెలికి హాలుకి వెళ్ళింది. బొంగరానికి ఆ రోజు కాంటీన్‌లో కూడా కాలు నిలవలేదు. సగం తిని వెనక్కొచ్చాడు.

ల్యాబ్ తలుపు వెనక ధుగ్ ధుగ్ బాగానే వినిపిస్తోంది. లోపల అడుగుపెట్టాడు. అరికాళ్ళకి చక్కిలిగింత లేదు.

చప్పుడుంది, వణుకు లేదు!

మెషిన్ ఆగి ఉంది. ధుగ్ ధుగ్ మొత్తం బల్ల మీదున్న లిప్‌స్టిక్ లోంచి వస్తోంది. జాయింట్ పక్కన నెమలి, చేతిలో డ్రయ్యర్.

"జుట్టు ఆరబెట్టుకుంటున్నా," అంది.

జుట్టు కొసల్నించి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. జాయింట్ మాత్రం పొయ్యి మీంచి దించిన పెనంలా సెగలు కక్కుతోంది.

"రోజూ దీన్ని జోకొట్టి నిద్రపుచ్చుతున్నావన్నమాట! బాబాయ్ ఉప్పు తిని..."

"బాబాయ్ ఉప్పేస్తాడు. నీలిగొడుగు వాళ్ళు పంచదార వేస్తారు."

బొంగరం దూకాడు. లిప్‌స్టిక్ దొర్లి బల్ల కింద పడింది. నెమలి సెంటు బుడ్డి నొక్కింది. మల్లెపూల వాసన. అంతే, బొంగరం జీవితంలో మొదటిసారి కదలకుండా పడుకున్నాడు.

తెలివొచ్చేసరికి స్టూలుకి కట్టేసి ఉన్నాడు. చేతులు సీటుకి, కాళ్ళు స్టూలు కాళ్ళకి. మీసం నెమలి పీకేసినట్టుంది, మూతి చురుక్కుమంటోంది. మెషిన్ నిజంగానే ఆడుతోంది. కౌంటర్ టార్గెట్ దాటేసింది! హాల్లోంచి చప్పట్లు. మైకులో పెద్దాయన గొంతు: "ఇప్పుడు సంతకం..."

కేకేశాడు. మెషిన్ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? కట్లు బిగించి ఉన్నాయి. ఇంక చేతనైంది ఒక్కటే మిగిలింది.

కాలు ఊపాడు.

భయంతో ఊపాడు, కోపంతో ఊపాడు. ఈల కొట్టుకుంటూ బ్రిడ్జెక్కే ఆ టోపీ కళ్ళముందు మెదిలి ఇంకా ఊపాడు. కిర్రు. కిర్రు. టక్!

స్టూలు కాలు వెల్డింగ్ దగ్గర ఊడిపోయింది. బొంగరం బోర్లాపడ్డాడు. బల్ల కిందున్న లిప్‌స్టిక్ పళ్ళతో కరుచుకుని లేచాడు. వెనకాల స్టూలు, పిక్కకి కట్టిన విరిగిన కాలు, నోట్లో ధుగ్ ధుగ్ ధుగ్. అలా హాల్లోకి దూసుకొచ్చిన మనిషిని చూసి పెద్దాయన పెన్ను కాగితానికి వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

"రెస్ట్!" లిప్‌స్టిక్ ఉమ్మేసి అరిచాడు. "రోజూ రెస్ట్ ఇచ్చి కాపడం పెట్టింది!"

హాలంతా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. నేల మీద దొర్లుతూ ఇంకా ధుగ్ ధుగ్ అంటున్న లిప్‌స్టిక్‌ని చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ నెమలి చేతిలో డ్రయ్యర్ని చూసింది. వచ్చి బొంగరం పిక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని విరిగిన చోటు చూసింది. నత్తగుల్ల మీద గీతల్లా వరసగా సన్నగీతలు.

"ఇది ఇవాళ విరిగింది కాదు," అంది. "ఊపగా ఊపగా రోజూ కొంచెం పాకిన పగులు. అదే స్టీలు, అదే వెల్డింగ్. దీనికి ఎవరూ కాపడం పెట్టలేదు." లేచి పెద్దాయన వైపు తిరిగింది. "సంతకం పెట్టకండి సర్. నా టెస్ట్ చెల్లదు. మళ్ళీ మొదట్నించి చెయ్యాలి."

తన ఏళ్ళ పని అక్కడే గంగపాలు చేసుకుని నిలబడిందా పిల్ల. నాన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పోనీలే బంగారం. బండి ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను."

నెమలి తలుపుకి అడ్డం తిరిగి డ్రయ్యర్ గురిపెట్టింది. "కదిలారంటే మాడ్చేస్తా!"

నాన్న డ్రయ్యర్ వైరు చివరున్న ప్లగ్గు ఎత్తి చూపించాడు. "ఇది ఎక్కడ గుచ్చుతావమ్మా?"

మీసం వైర్‌లెస్ మూగబోగానే బయల్దేరిన బాబాయ్, బయట కారులో ఉన్న నీలిగొడుగు వాళ్ళని గొడుగులు మడిచేలోపే మడిచేశాడు.

కొత్త జాయింట్ బిగించారు. ఈసారి కాంటీన్ భోజనమే మెషిన్ దగ్గరికి నడిచొచ్చింది. టార్గెట్‌కి చాలా ముందే అది పగిలింది. బ్రిడ్జి జాయింట్లన్నీ మార్చి, మందం పెంచి, మళ్ళీ టెస్ట్ చేసి పాస్ చేశాక నాన్న ఈల కొట్టుకుంటూ దాటాడు. ఆ రోజు నుంచి ఆమెని డాక్టరమ్మా అంటే ఆమె దిష్టి మాటెత్తలేదు.

బొంగరానికి మెడల్ ఇచ్చారు. ఇంటికెళ్ళి అమ్మకి చూపించాడు. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి చొక్కాకి పెట్టింది.

"బాగుందిరా. ఇది పెట్టుకుని మాత్రం కాలు ఊపకు, గలగలా చప్పుడొస్తోంది."