అనసూర్య తెరిచిన కళ్ళు

"జర పక్కకు జరుగు. మీటర్ గీ గోడకే కొట్టాలె."

నిచ్చెన భుజాన వేసుకుని గుడిలోకి వచ్చిన రాజం అన్నాడు. చొప్పదండికి అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. అతను లక్సెట్టిపేట నుంచి కొత్తగా వచ్చిన లైన్‌మన్.

గోడ ముందు కళ్ళు మూసుకుని కూర్చున్న అనసూర్య కదల్లేదు. పక్కనున్న ఆమె తండ్రి బాలమల్లు తల తిప్పాడు.

"గీ గోడ మీదికి ఆంజనేయస్వామి రావాలె బిడ్డా. మీటర్ అవుతలి గోడకు కొట్టుకో."

"ఎప్పుడొస్తడు?"

"చెప్పి రాడు. మీ కరెంటు చెప్పి పోతదా?" అంది అనసూర్య.

రాజం నిచ్చెన అవతలి గోడకు వేశాడు.

బాలమల్లుది తరతరాలుగా దేవుళ్ళ బొమ్మలు వేసే ఇల్లు. ఆయనకు చూపు పోయాక బొమ్మలు కూతురి చేతికి వచ్చాయి. ఆయన నేర్పింది ఒక్కటే. ముందుగా గీతలు గీసుకోకూడదు. రామనామం చెప్పుకుంటూ కూర్చోవాలి. చెయ్యి తనంతట తాను కదిలినప్పుడే రంగు ముట్టాలి. కదలకపోతే ఆ రోజుకు లేచి ఇంటికి పోవాలి.

రాజం మొదట నవ్వాడు. తర్వాత రోజూ గుడిలో ఏదో ఒక పని పుట్టించుకున్నాడు.

"గా స్విచ్చు నిన్ననే బిగిస్తివి గద?" అంది అనసూర్య.

"వదులైంది."

"స్విచ్చేనా?"

అతను నిచ్చెనెక్కాడు. కొన్నాళ్ళకు గోడ మీదికి తోక వచ్చింది. తర్వాత సంజీవని కొండ, భుజాలు, మొహం.

"తోక గింత పొడుగెందుకు?"

"నీ తీగ కంటె పొట్టిదే."

కళ్ళొక్కటే మిగిలాయి. స్వామికి కళ్ళు తెరిచే మంగళవారం ఊరంతా గుడికి వచ్చింది. బయట వాన. అనసూర్య చాలాసేపు ఊరికే కూర్చుంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి కదిలింది. స్వామికి రెండు కళ్ళూ దిద్ది పక్కకు తప్పుకుంది.

డప్పులు ఆగిపోయాయి. దండం పెట్టబోయిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"గివి లైన్‌మన్ కండ్లు గద," అన్నారెవరో.

అందరి తలలూ రాజం వైపు తిరిగాయి. అనసూర్య గోడను చూసింది, అతన్ని చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

రాజానికి చెవులు మండాయి. "నవ్వుకుంటె చాటుకు నవ్వుకుందువు. ఊరందరి ముందట నన్ను కోతిని జేస్తివా?"

"నేను కావాల్నని గియ్యలే." అనసూర్య మళ్ళీ గోడ వైపు చూసింది. "నాకూ గిప్పుడే కనవడ్డది."

గుడి కట్టించిన కొమురెల్లి తడిబట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "బ్రహ్మచారి దేవునికి పడుచుపోరని కండ్లా? తుడువు."

అనసూర్య గోడ దాకా వెళ్ళింది. చెయ్యి లేవలేదు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

బాలమల్లు తడుముకుంటూ లేచాడు. "ఎవలి కండ్లో నాకెందుకు. స్వామి ఎట్ల చూస్తుండో జర చెప్పుండ్రి."

ముసలి శంకరవ్వ కర్ర పొడుచుకుంటూ గోడ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడింది.

"ఎదురుంగ రాముడు నిలవడ్డట్టు చూస్తుండు బాలమల్లూ. ఇన్నేండ్లల్ల గిసొంటి చూపు నేను చూడలే."

ఆమె దండం పెట్టింది. వెనక ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. కొమురెల్లి కాసేపు స్వామి కళ్ళల్లోకి చూశాడు. తడిబట్ట తనే వెనక్కి తీసుకున్నాడు.

కొబ్బరికాయలు కొట్టి జనం వెళ్ళిపోయారు. రాజం వానలో మెట్ల మీదే ఉండిపోయాడు. అనసూర్య గడప దగ్గర ఆగింది.

"కండ్లు నాయే. మరి గా చూపు ఏడికెల్లి తెచ్చినవు?" అడిగాడు రాజం.

"నువ్వు రోజూ గట్లనే చూస్తవు గద."

"నువ్వు కండ్లు మూసుకొని కూసుంటివి గద."

"ఎల్లప్పుడు కాదు," అంది ఆమె తల వంచుకుని.

రాజం గడప అవతలి స్వామి కళ్ళల్లోకి చూశాడు. తన చూపు తనకే తెలియదు. ఇప్పుడది ఊరందరికీ తెలిసిపోయింది.

"అది నిన్ను చూసిన చూపే," అన్నాడు చివరికి.

లోపలి నుంచి బాలమల్లు పిలిచాడు. "బిడ్డా, గా పిలగాన్ని తడువనియ్యకు, లోపటికి రమ్మను. వాళ్ళ అవ్వబాపును పెండ్లి మాటకు మనింటికి ఎన్నడు తోలుకొస్తడో అడుగుత."