వెచ్చగా ఉన్న అద్దం

ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మామగారు. ఆయన లేచాడంటే మిగతావాళ్ల నిద్ర గోవిందా. పెరటి షెడ్డు తలుపు లాగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పాత కార్ల అద్దాల మీద పడ్డ గీతలు పోగొట్టడం ఆయన వృత్తి. నలభై ఏళ్లుగా చేస్తున్న పని. కొత్త అద్దం వేయిస్తే పోలా అని ఎవరైనా అంటే, ఆ మాట అన్నవాళ్లతో వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

ఆ రోజు బల్లమీద ఉన్నది ఒక రిటైరైన టీచరమ్మ కారు తలుపు అద్దం. ఆ కారు వయసు కోడలి వయసుకన్నా ఎక్కువ. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి అద్దం పగిలితే అలాంటిది మళ్లీ దొరకదు. తలుపు సందులో చేరిన ఇసుక, అద్దం ఎత్తి దించినప్పుడల్లా దాన్ని నిలువునా గీరేసింది. పాలిష్ పొడిని నీళ్లలో మజ్జిగలా కలిపి, ఉన్ని బిళ్ల తొడిగిన మెషీన్‌తో ఓపిగ్గా రుద్దాలి. అందులో ఒక చిక్కుంది. ఒకేచోట ఎక్కువసేపు రుద్దితే గీత పోతుంది గానీ అక్కడ అద్దం కాస్త పల్లం పడుతుంది. పైకి ఏమీ తెలియదు. అందులోంచి చూస్తే మాత్రం ఎదుటి కరెంటు స్తంభం కూడా నడుం వంచుతుంది. అందుకే మామగారు షెడ్డు గోడకు ఒక చారల దుప్పటి వేలాడదీశాడు. అద్దంలోంచి చూసినప్పుడు చారలు తిన్నగా ఉంటే పాసు, వంకర్లు పోతే ఫెయిలు.

ఆరు నెలలుగా మామగారి అద్దాలన్నీ ఫెయిలవుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకు మాత్రమే తెలుసు.

ముందుగా కనిపెట్టింది కోడలే. పొడి కలపడం, నీళ్లు చిలకరించడం, తుడవడం, ఎనిమిదేళ్లుగా ఇవన్నీ ఆమె పనులే. మెషీన్‌ను మాత్రం ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఒకరోజు ఆయన పూర్తయిందన్న అద్దంలోంచి ఆమె ఊరికే చూసింది. చారలు అలల్లా వంగి కనిపించాయి. ఆయన కూడా చూశాడు, దివ్యంగా వచ్చిందన్నాడు. అప్పటికే షెడ్డులో వెలుతురు చాలడం లేదని మూడు బల్బులు మార్చాడు. నాలుగోది కూడా తెచ్చాడు. లోపం బల్బుల్లో లేదని ఆమెకు అర్థమైంది.

ఆ మాట అత్తగారి చెవిన వేసింది. అత్తగారు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, కాసేపట్లోనే ఉపాయం తేల్చేసింది. మధ్యాహ్నం భోజనం కాగానే మామగారు రెండు గంటలు నిద్రపోతాడు. ఆ రెండు గంటల్లో కోడలు షెడ్డులోకి వెళ్లి, పల్లం పడ్డ చోటు చుట్టూ వెడల్పుగా రుద్ది అద్దాన్ని చదును చేయాలి. అత్తగారు పడకగది గుమ్మంలో కూరగాయలు ముందేసుకుని, మెషీన్ చప్పుడు వినబడకుండా రేడియో పెద్దగా పెట్టుకుని కాపలా ఉంటుంది. రేడియో ఆగిందంటే ఆయన లేచినట్టు.

ఆ మధ్యాహ్నం కోడలు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసింది. పొద్దున మామగారు సరిగ్గా నడిపేవాళ్ల కళ్లెదురుగా వచ్చే చోటే పల్లం పెట్టాడు. మర్నాడే టీచరమ్మ వస్తానంది. పని దాదాపు అయిపోయి, అద్దం తుడిచి, మెషీన్ ఎక్కడిదక్కడ పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మామగారు ఉన్నాడు. రేడియో మోగుతూనే ఉంది. దాని పక్కనే అత్తగారు గురకపెట్టి నిద్రపోతోంది.

ఆయన లోపలికొచ్చి అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. తీసి బల్లమీద పెట్టాడు. మళ్లీ అద్దం మీద పెట్టాడు.

బల్ల చల్లగా ఉంది. అద్దం వెచ్చగా ఉంది.

సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే పంచాయితీ మొదలైంది. అద్దం వెచ్చగా ఉందంటే అప్పుడే ఎవరో రుద్దినట్టు, కోడలికి మెషీన్ పట్టడం రాదని ఆయన నమ్మకం కాబట్టి, తనకు తెలియకుండా ఏ పనివాణ్ణి షెడ్డులోకి తెచ్చావని మామగారు కొడుకును నిలదీశాడు. పాపం, కొడుక్కి తలా తోకా తెలియలేదు. తెలియకపోయినా ఊరుకోకుండా, ఈ వయసులో ఆ రుద్దుడు ఎందుకు, షెడ్డు మూసేసి హాయిగా కూర్చోవచ్చు కదా అని అగ్గికి ఆజ్యం పోశాడు. మామగారి గొంతు లేచింది. కోడలు ఇక ఆగలేక ముందుకొచ్చింది.

"ఆయనకేం తెలీదు మామయ్యా. రుద్దింది నేనే."

"ఎన్నాళ్లుగా?"

"ఆరు నెలలుగా."

"ఎన్ని అద్దాలు?"

"పదకొండు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి గొంతులో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"మొన్న డాక్టరుగారు తన కారు అద్దం చూసుకుని, నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి మీ ఇద్దరికీ రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ నవ్వుతూ విన్నారు."

"మీకు చెబితే ఇంక షెడ్డు తలుపు తీయరేమోనని భయమేసింది మామయ్యా."

పిల్లనేమీ అనొద్దని, కాపలా కాసింది తానేనని అత్తగారు అడ్డుపడింది. అది కూడా సరిగ్గా కాయలేదని ఆయన అన్నాడు. మామూలు రోజైతే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు. భోజనానికి పిలిస్తే వచ్చాడు. తిన్నాడు. కూరలో ఉప్పు మరిచిపోయింది కోడలు. ఆయన ఆ మాటైనా అనలేదు, దాంతో ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది.

తెల్లవారింది. షెడ్డు తలుపు చప్పుడు వినపడలేదు. ఆయన పని తన చేతులతోనే ఆపేశానని కోడలికి ఏడుపొచ్చింది. చీపురు కూడా పట్టకుండా పెరట్లోకి పరుగెత్తింది. షెడ్డు తలుపు తీసే ఉంది. ఎవరి నిద్రా చెడకుండా అంత మెల్లగా తీయడం ఆయనకు వచ్చని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆయన చారల దుప్పటి ఎదురుగా అద్దం నిలబెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఇలా రా అమ్మాయ్. చారలు ఎలా ఉన్నాయి?"

"తిన్నగానే ఉన్నాయి. ఎడమ నుంచి మూడోది మాత్రం కింద కొద్దిగా వంగింది."

"నాకు చారలే కనబడవు. దుప్పటి ఉందని మాత్రం తెలుస్తోంది." ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఏడాది నుంచీ చూపు తగ్గుతూ వస్తోంది. మీకు తెలియదనుకున్నాను. బల్బులు మార్చింది, లోపం వెలుతురుదేనని మిమ్మల్ని నమ్మించడానికే."

అత్తాకోడళ్లు ఆయన దగ్గర దాచారు, ఆయన వీళ్ల దగ్గర దాచాడు. ఒకే ఇంట్లో ఒకే భయాన్ని వీళ్లూ ఆయనా విడివిడిగా మోశారు. కోడలు నేలమీద ఆయన పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, ఏడుపు తగ్గేదాకా ఆగాడు. తర్వాత బొటనవేలి గోరును అద్దం అంచు వెంట జరిపాడు.

"ఇక్కడ గీత ఇంకా ఉంది. అంచు దగ్గరికి వచ్చేసరికి నువ్వు చెయ్యి ఎత్తేస్తున్నావు."

"పగులుతుందేమోనని."

"నీళ్లు చల్లుకుంటూ, బిళ్ల వాలిపోకుండా పట్టుకో. పగలదు."

మెషీన్ తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. తన చెయ్యి ఆమె చెయ్యి మీద వేసి, ఎంత బరువు వేయాలో, ఎక్కడ తేలిక చేయాలో చూపించాడు. ఆమె చారలు చూసి చెప్పింది, ఆయన గోరుతో వెతికి చెప్పాడు. ఎండ షెడ్డులోకి వచ్చేవేళకు మూడో చార తిన్నగా నిలబడింది. అంచున గోరుకు ఏమీ తగల్లేదు.

పదిగంటలకు టీచరమ్మ వచ్చింది. కొడుకు సెలవు పెట్టి, తలుపులో అద్దం బిగించడంలో సాయం చేశాడు. టీచరమ్మ కారులో కూర్చుని అద్దం పైకెత్తి, అందులోంచి వీధంతా చూసుకుంది. మా నాన్న నడిపిన రోజుల్లో ఇలా ఉండేదని మురిసిపోయింది. ఎన్నేళ్లొచ్చినా మీ చేతిలో పస తగ్గలేదని మామగారిని మెచ్చుకుంది. అత్తగారు చప్పున తల దించుకుంది. కోడలు గుమ్మం చాటుకు జరిగింది.

"పని నాది కాదు టీచరమ్మా, మా కోడలిది," అన్నాడు మామగారు, వీధిలో నలుగురికీ వినబడేంత గట్టిగా. "ఆరు నెలల నుంచీ నా పేరుమీద వెళ్లిన అద్దాలన్నీ ఆమెవే. డాక్టరుగారికి కూడా ఇవాళే వెళ్లి చెప్పి వస్తాను."

టీచరమ్మ కారు దిగి కోడలి దగ్గరికి వచ్చింది. వచ్చే నెల కారు ముందువైపు అద్దం కూడా చేయించాలని ఉందని, అయితే ఎవరిని అడగమంటారని మామగారి వైపు చూసింది.

"ఆమెనే అడగండి. నేను ఆ నెలలో కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నాను."

ఆ సంగతి ఇంట్లో అందరూ వినడం అదే మొదటిసారి. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు తండ్రి భుజం పట్టుకున్నాడు. కోడలు ఒకసారి మామగారి ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు ఆమెను సరిగ్గా చూడలేకపోయినా, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాయి.

"తీసుకురండి టీచరమ్మా," అంది, "చేసిపెడతాను."